ఆదర్శ గృహం అద్దెకివ్వబడును

ఆదివారం పొద్దున్నే లేచి ఆమె వేసుకున్న పథకం చాలా చిన్నది. మాసిన బట్టలన్నీ వాషింగ్ మెషీన్‌లో పడెయ్యాలి. అది గిరగిరా తిరుగుతున్నంతసేపూ కిటికీ పక్కన కూర్చుని వేడివేడిగా కాఫీ తాగాలి. వారమంతా తన కళ్లజోళ్ల షాపులో ఊరందరి మొహాలకీ ఫ్రేములు తగిలించి చూసే మనిషి, ఆ కాసేపైనా ఎవరి మొహమూ చూడకుండా కూర్చోవాలనుకోవడం అత్యాశ కాదు. కానీ బట్టల బుట్ట చంకనెత్తుకుని వెళ్లేసరికి మెషీన్‌కి అడ్డంగా చేతులు చాపి భర్త నిలబడి ఉన్నాడు.

"దీన్ని ముట్టుకోకు," అన్నాడు.

"ఏం, షాక్ కొడుతోందా?"

"మనకి కాదు. భూమికి కొడుతోంది."

ఆమె బుట్ట కింద పెట్టింది. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. ఆయన లిఫ్టు ఇన్‌స్పెక్టరు. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టుల తాళ్లు గట్టిగా ఉన్నాయా, తలుపులు సరిగ్గా మూసుకుంటున్నాయా అని చూసి సంతకం పెట్టడం ఆయన ఉద్యోగం. బుర్రలోకి ఏదైనా ఎక్కిందంటే మధ్యలో ఎక్కడా ఆగకుండా పై అంతస్తు దాకా పోవడం ఆయన స్వభావం. కిందటేడు చన్నీళ్ల స్నానం ఎక్కింది. ఇంటిల్లిపాదికీ జలుబు చేసేదాకా దిగలేదు. ఇప్పుడు వాతావరణం ఎక్కింది.

"నిన్న మా ఆఫీసుకి పర్యావరణ సంఘం వాళ్లొచ్చి ఉపన్యాసం ఇచ్చారు," అన్నాడు. "చిన్నాచితకా పనుల వల్ల ఏమీ ఒరగదట. గదిలోంచి వస్తూ లైటు ఆర్పడం, కారుతున్న కొళాయి కట్టడం, ఇవన్నీ మనసు తృప్తి కోసమేనట. చేస్తే అర్థవంతమైన మార్పులే చెయ్యాలి. కారు, ఏసీ, మెషీన్లు... ఇలాంటి పెద్దవాటి మీద పడాలి."

ఆమెకి ఒళ్లు మండింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వెలిగించి వదిలేసిన లైట్లు ఆర్పుతూ, ఆయన తిప్పి మరిచిపోయిన కొళాయిలు కడుతూ ఇల్లంతా తిరుగుతున్నది ఆమే. అదంతా పనికిమాలిన పని అని ఆయన నోటితోనే వినాల్సి వచ్చింది.

"ఇంకో సంగతి," అన్నాడాయన గొంతు తగ్గించి. "మన పేరు కూడా ఇచ్చాను. మార్పులు చేసుకున్న ఇళ్లన్నీ చూసి, బాగున్నదానికి ఆదర్శ గృహం అని పేరు పెడతారట. ఎప్పుడొస్తారో చెప్పరు. చడీచప్పుడు లేకుండా వచ్చి చూసిపోతారు. నేను లిఫ్టులు చూడ్డానికి వెళ్లనూ, అలాగ."

ఆమె జవాబు చెప్పేలోపు వీధిలో వ్యాను ఆగింది. అందులోంచి ఆమె తమ్ముడే దిగాడు. వాడు జిమ్ నడుపుతాడు. ఏసీ, వాషింగ్ మెషీన్, గోడంత టీవీ, నీళ్ల హీటరు, ఆఖరికి కారు కూడా బావగారు ఊరికే ఇచ్చేస్తున్నారని విని, ఏనుగెక్కినంత సంబరంతో వచ్చాడు.

"వాడు వాడితే పొగ రాదా?" అంది ఆమె పళ్లు కొరుక్కుంటూ.

"అది వాడి ఇంటి లెక్కలోకి వస్తుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సామాన్లన్నీ ఒక్కొక్కటే బయటికి పోతుంటే మేడమెట్ల పైన కుర్చీ వేసుకుని ఇంటాయన చూస్తున్నాడు. ఇది ఆయన ఇల్లే. పైన ఆయన ఉంటాడు, కింద వీళ్లు అద్దెకుంటారు. ఇంటాయన కోర్టులో స్టెనోగ్రాఫరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒకళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాసుకోవడమే తప్ప, నోరు తెరిచి ఒక్క ప్రశ్న వేసి ఎరగడు. ప్రశ్నలు వెయ్యడం లాయర్ల పని అని ఆయన నమ్మకం. ఆ రోజూ ఏమీ అడగలేదు. వ్యాను కనుమరుగయ్యేదాకా చూసి, కళ్లజోడు తుడుచుకుని, పేపరు తిరగేశాడు.

ఆ ఇల్లంటే ఆమెకి ప్రాణం. వీధి మలుపు తిరిగితే షాపు. వెనక గదిలోకి ఎండ పడకుండా వెలుతురు మాత్రం వస్తుంది. ఆ వెలుతురులో కూర్చునే ఆమె విరిగిన ఫ్రేములు అతికేది, ఆవగింజంత స్క్రూలు బిగించేది. అన్నిటికన్నా ముఖ్యం, అత్తగారి మోకాళ్లకి మెట్లు పనికిరావు. గుమ్మం నుంచి పెరటిదాకా ఒక్క మెట్టు లేని ఇల్లు దొరకడం కోసం వాళ్లు ఎక్కని గడప లేదు. అందుకే ఆ ఇంట్లో ఏం తక్కువైనా ఆమె సర్దుకుపోయేది. ఏసీ లేకపోయినా సర్దుకుందామనుకుంది. కానీ పోయింది ఏసీ ఒక్కటే కాదు.

మొదట గాలి సంగతి. వీధి తలుపు, వెనక కిటికీ బార్లా తీసి పెడితే ఇల్లు చల్లగా ఉంటుందని ఇన్‌స్పెక్టరు కనిపెట్టాడు. ఆ మాట నిజమే, గాలి బ్రహ్మాండంగా వచ్చేది. అయితే తలుపు తీస్తే ఎదురుగా ఉండేవి మేడమెట్లు. కింద హాల్లో అన్న ప్రతి మాటా మెట్లెక్కి నేరుగా ఇంటాయన కుర్చీ దగ్గరికి పోయేది. ఈ సంగతి అప్పుడెవరికీ తోచలేదు.

తర్వాత వంట. పొయ్యి మీద ఒక్క ఉడుకు రానిచ్చి, గిన్నెని దించి, దుప్పట్లు కుక్కిన చెక్కపెట్టెలో పెట్టి మూసేస్తే ఆ వేడికే ఉడికిపోతుందట. ఉడికేది కాదు. మధ్యాహ్నం పెట్టె తీస్తే బీన్స్ పొద్దున ఎలా వెళ్లాయో అలాగే బయటికొచ్చేవి, కాస్త వెచ్చగా. బట్టలు ఆయనే ఉతుకుతానన్నాడు, మాట తప్పకుండా ఉతికాడు కూడా. ఎర్ర తువ్వాలుతో కలిపి నానబెట్టడంతో ఆయన ఆఫీసు చొక్కాలన్నీ గులాబీ రంగుకి తిరిగాయి. పెరట్లో తొట్టి నిండా వానపాములొచ్చి చేరాయి. కూరగాయల తొక్కలు వాటికి వెయ్యాలి. మనుషుల తిండి సంగతి ఎలా ఉన్నా, వాటికి మాత్రం వేళ తప్పేది కాదు.

"పెళ్లయిన దగ్గర్నుంచీ చేత్తోనే ఉతికాను, చేత్తోనే రుబ్బాను," అంది అత్తగారు. "అప్పుడు భూమిని కాపాడావమ్మా అని ఒక్కడొచ్చి దండ వెయ్యలేదు. ముసలితనంలో కాస్త మెషీన్ సుఖం మరుగుదామనుకుంటే, దాన్ని కాస్తా ఎత్తుకెళ్లి బావమరిదికి కట్టబెట్టాడు."

ఆఫీసులో మరీ అన్యాయం. లిఫ్టు ఎక్కనని ఇన్‌స్పెక్టరు ఒట్టు పెట్టుకున్నాడు. ఆకాశాన్నంటే భవనాలకి లిఫ్టు తనిఖీ చెయ్యడానికి వెళ్లి, మెట్ల మీదుగా ఎక్కి, పైన రొప్పుతూ నిలబడి లిఫ్టు తలుపు తెరుచుకోవడం చూసి, మళ్లీ మెట్ల మీదుగానే దిగేవాడు. ఇన్‌స్పెక్టరే ఎక్కనంటున్నాడంటే లిఫ్టులో ఏదో లోపం ఉండే ఉంటుందని ఒక భవనం వాళ్లంతా లిఫ్టు వాడటం మానేశారు. పై అంతస్తులో ఉండే ఒక ముసలాయన వారం రోజులుగా కిందికి దిగలేదని ఆఫీసుకి ఫిర్యాదు వచ్చింది. ఆ కోపమంతా పైఅధికారి ఇన్‌స్పెక్టరు మీద చూపిస్తే, ఆ చికాకు ఆయన ఇంటికి మోసుకొచ్చేవాడు.

ఇంక మాటలు పెరగక ఏమవుతాయి? అత్తగారు సగం ఉడికిన బీన్స్ పక్కకి నెట్టి, "నీకో దండంరా నాయనా, ఈ ఇంట్లో నేనింక ఒక్క పూట ఉండలేను," అనేది. ఇన్‌స్పెక్టరు, "అసలు మనకి ఇంత ఇల్లెందుకు? ముగ్గురికి ఒక్క గది చాలు. మిగతావన్నీ దండగ," అనేవాడు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ, "ఎక్కడికో అక్కడికి పోదాం పదండి, నాకు ఈ కొంపలో పిచ్చెక్కిపోతోంది," అనేది. ఏ ఇంట్లోనైనా వినిపించే మాటలే ఇవి. అన్నవాళ్లు కూడా కాసేపటికి మరిచిపోయే మాటలు. కానీ తలుపు బార్లా తీసి ఉంది. మెట్ల పైన, విన్నది విన్నట్టు నమ్మే మనిషి కూర్చుని ఉన్నాడు.

అలా కొన్నాళ్లు గడిచాక, ఆమె షాపులో ఉండగా, గులాబీ చొక్కా తొడుక్కుని ఇన్‌స్పెక్టరు వానపాములకి తొక్కలు వేస్తున్నవేళ గుమ్మంలోకి ఇద్దరొచ్చారు. చక్కగా దువ్వుకున్న జుట్టుతో ఒకావిడ, వెనక టేపు పట్టుకుని ఆవిడ భర్త.

"పైన ఇంటాయన చెప్పారండీ," అంది ఆవిడ నవ్వుతూ. "ఒకసారి చూడొచ్చా?"

ఇన్‌స్పెక్టరు చేతిలోని తొక్కలన్నీ తొట్టిలో గుమ్మరించేశాడు. సంఘం వాళ్లే! ముందే ఇంటాయన దగ్గర ఆరా తీసి మరీ వచ్చారు. ఎంత పకడ్బందీగా చేస్తున్నారు! చేతులు గబగబా కడుక్కుని ఎదురొచ్చాడు.

"రండి రండి. మీకోసమే ఎదురుచూస్తున్నాను."

ఆవిడ కాస్త ఆశ్చర్యపోయింది. ఆవిడ పళ్ల డాక్టరు. పన్ను నొప్పితో వచ్చిన ఇంటాయన దగ్గర అద్దిల్లు కావాలని మాటవరసకి అంటే, కింది వాటా ఖాళీ అవుతోందని ఆయన చెప్పాడు. ఇంట్లోవాళ్లు ముభావంగా ఉంటారేమోనని ఆవిడ జంకుతూ వచ్చింది. ఇక్కడ చూస్తే పెళ్లివారికి ఎదురొచ్చినట్టు వస్తున్నాడు.

"ఏసీ పెట్టలేదా అండీ?" అంది హాలంతా చూసి.

"అవసరమే లేదు! ఇలా వచ్చి ఇక్కడ నిలబడండి. ముందు తలుపు, వెనక కిటికీ. కళ్లు మూసుకోండి. ఎలా ఉంది?"

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. ముంగురులు ఎగిరాయి. మొహం విప్పారింది.

"మా అమ్మకి మెట్లెక్కడం కష్టమండీ," అన్నాడు ఆవిడ భర్త కిటికీ కొలుస్తూ.

"ఇంట్లో ఒక్క మెట్టు ఉంటే నన్నడగండి. లిఫ్టు ఇన్‌స్పెక్టరుగా చెబుతున్నాను, లిఫ్టు అక్కర్లేని ఇంటికి మించిన ఇల్లు ప్రపంచంలో లేదు."

ఆ మనిషి వాళ్లమ్మ మోకాళ్ల సంగతి తనకెందుకు చెబుతున్నాడో, కిటికీలు ఎందుకు కొలుస్తున్నాడో ఇన్‌స్పెక్టరుకి అనుమానం రాలేదు. ఎంత శ్రద్ధగా చూస్తున్నారో అనుకుని మురిసిపోయాడు. లోపలి గదిలోంచి తల్లి, "ఎవర్రా వాళ్లు?" అని కేకేస్తే, "నువ్వుండమ్మా, కావలసినవాళ్లే," అని నోరు మూయించాడు. చెక్కపెట్టె తెరిచి చూపించాడు. వెనక గది వెలుతురు చూపించాడు. షాపింగుకి, ఆసుపత్రికి నడిచి ఎంత తొందరగా వెళ్లొచ్చో వివరించాడు. ఇల్లమ్మే బ్రోకరు కూడా అంత నోరారా చెప్పడు. చివరికి వానపాముల తొట్టి దగ్గర డాక్టరమ్మ ముచ్చటపడి ఆగిపోయింది.

"ఇది మాకు ఇస్తారా?"

"తీసుకోండి, నిరభ్యంతరంగా తీసుకోండి! పదిమందికీ చూపించండి."

"మాకు బాగా నచ్చిందండీ. ఇంక వేరే ఇళ్లు చూడం. ఇదే ఖాయం అనుకోండి."

"నా జన్మ ధన్యమైంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు గద్గదంగా. ఇల్లు వదిలిపోతూ ఇంత సంతోషించే మనిషిని డాక్టరమ్మ ఎక్కడా చూడలేదు. దండం పెట్టి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ఇన్‌స్పెక్టరు నేల మీద నడవడం లేదు. "వచ్చారు, చూశారు, ఇంక వేరే ఇళ్లు చూడమన్నారు! మనదే!" అన్నాడు. ఆమెకి చచ్చేంత విసుగ్గా ఉన్నా, పోనీలే, పేరొచ్చేస్తే ఈ పిచ్చి దిగుతుంది, బీన్స్ ఉడుకుతాయి అనుకుంది.

మర్నాడు డాక్టరమ్మ కళ్లజోడు కాడ ఊడిపోయి, దగ్గర్లో ఉన్న షాపని వచ్చింది. ఇద్దరికీ ముఖపరిచయం లేదు. ఆమె ఫ్రేము అందుకుని సన్నటి స్క్రూ వేలికొనకి అంటించి బిగిస్తోంది.

"ఇంక మనం ఇరుగుపొరుగు అవుతామండీ," అంది డాక్టరమ్మ కబుర్లలో పడి. "ఈ వీధి మలుపులో మేడకింద వాటా తీసుకుంటున్నాం. మా క్లినిక్ వెనకాలే ఇంకో ఇల్లుంది, బాగానే ఉంది, కానీ ఈ గాలి ఎక్కడొస్తుంది? ఏసీ అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. ఖాళీ చేసి పోతున్నాయన ఎంత మంచివాడనుకున్నారు! వానపాముల తొట్టి కూడా మాకే ఇచ్చేశారు. ఆదివారం మా అత్తగారిని తీసుకొచ్చి చూపించాలి, ఆవిడ ఊ అంటే చాలు."

స్క్రూ ఆమె వేలి మీంచి జారి బల్ల కింద ఎక్కడో పడింది. ఊళ్లో వానపాముల తొట్టి ఉన్న మేడకింద వాటా ఒక్కటే ఉంది. తనని రోడ్డున పడేస్తున్న మనిషి మొహానికి తనే ఇంకో స్క్రూ బిగించి కళ్లజోడు సరిచేసి, చెవుల దగ్గర నొక్కుతోందా లేదా అని అడిగి, పంపించింది. తర్వాత షాపు తలుపు దగ్గరగా వేసి, చెప్పులైనా సరిగా తొడుక్కోకుండా ఇంటికి పరిగెత్తి, కింద ఆగకుండా మేడెక్కింది.

"మేం ఖాళీ చేస్తున్నామని మీతో ఎవరన్నారు బాబాయ్‌గారూ?"

ఇంటాయన పేపరు మడిచాడు. నొచ్చుకున్న మొహంతో, సాక్ష్యం చదివినట్టుగా మొదలుపెట్టాడు.

"వ్యానులో సామాను వెళ్లిపోయింది. అది నేను కళ్లారా చూశాను. తర్వాత మీ అత్తగారు, 'ఈ ఇంట్లో నేనింక ఒక్క పూట ఉండలేను.' మీ ఆయన, 'మనకి ఇంత ఇల్లెందుకు? ముగ్గురికి ఒక్క గది చాలు.' మీరు, 'ఎక్కడికో అక్కడికి పోదాం పదండి, నాకు ఈ కొంపలో పిచ్చెక్కిపోతోంది.' ఒక్క అక్షరం అటూ ఇటూ ఉంటే చెప్పండమ్మా."

ఆమె తల పట్టుకుంది. ఒక్క అక్షరం కూడా అటూ ఇటూ లేదు.

"మమ్మల్ని ఒక్కమాట అడిగితే ఏం పోయిందండీ?"

"చెప్పడానికి మొహమాటపడుతున్నారనుకున్నాను. అడిగి మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని నా అంతట నేనే ఏర్పాటు చేశాను," అన్నాడాయన. తర్వాత కిటికీ వైపు తిరిగాడు. "మీరు పోతున్నారని తెలిసి నాలుగు రోజులు నాకు అన్నం సహించలేదమ్మా. కానీ వాళ్లకి మాటిచ్చేశాను. వాళ్లకై వాళ్లు వద్దంటే వేరే సంగతి. నేను మాత్రం మాట తప్పలేను. మీరెళ్లి వాళ్లని బతిమాలినా నేను తప్పినట్టే లెక్క."

ఆమె ఒక్కొక్క మెట్టే దిగింది. దిగుతుండగానే ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. డాక్టరమ్మకి ఇల్లు నచ్చింది ఏమీ అక్కర్లేదని. అక్కరుందని చూపిస్తే సరి.

తమ్ముడికి ఫోను చేసింది. "తీసుకెళ్లినవన్నీ తీసుకెళ్లినట్టు ఆదివారం పొద్దున్నకల్లా ఇక్కడ దింపు. కారుతో సహా."

"అక్కా, ఏసీ జిమ్ గోడకి బిగించేశాను!"

"గోడతో సహా తీసుకురా."

ఇన్‌స్పెక్టరు మొదట ససేమిరా అన్నాడు. వచ్చినవాళ్లు సంఘం వాళ్లు కారన్న మాట జీర్ణించుకోవడానికే ఆయనకి రెండు రోజులు పట్టింది. "వాళ్ల ముందు నిలబడి ఏసీ లేనిదే బతకలేం అని చెప్పాలా? నేనా?" అన్నాడు. అత్తగారు ఒక్క మాట అంది. "నన్ను ఏ మేడమీదికి మోసుకెళ్తావో అదీ చెప్పరా." ఆయన కిందికి దిగొచ్చాడు.

ఆదివారం వచ్చింది. తలుపు వేసి, కిటికీలన్నీ బిగించేశారు. ఏసీ హోరుమంటోంది. వాషింగ్ మెషీన్ ఒక్క చేతిరుమాలుతో తిరుగుతోంది. టీవీ పాడుతోంది, హీటరు మరుగుతోంది. పట్టపగలు ఇంట్లో ఉన్న లైట్లన్నీ వెలుగుతున్నాయి. గుమ్మం ముందు కారు ఇంజిను ఆపకుండా ఉంచమని ఆమె తమ్ముడికి చెప్పింది. వాడు స్టీరింగు ముందు కూర్చుని నిద్రపోతున్నాడు. ఆమె మాత్రం పరదా వెనక చేతులు నలుపుకుంటూ నిలబడింది. ఈ ఒక్క పూట గట్టెక్కితే చాలు, జీవితాంతం పచ్చి బీన్సైనా తింటాననుకుంది.

తలుపు తట్టారు. నెరిసిన జుట్టు పెద్దావిడ, వెనక చేతిసంచులతో ఎవరో ఇద్దరు మగవాళ్లు. పెద్దావిడ ఎండన పడి వచ్చినట్టుంది, పైటతో మొహం తుడుచుకుంటోంది. డాక్టరమ్మ అత్తగారే అనుకున్నారు మొగుడూపెళ్లాలు. కొడుకూ కోడలూ వెనకాల వస్తున్నారు కాబోలు.

"కూర్చోండమ్మా, ఏసీ కింద కూర్చోండి," అని ఇన్‌స్పెక్టరు మొదలుపెట్టాడు. "మీరు పెద్దవారు, మీ దగ్గర దాచడమెందుకు? ఏసీ లేకుండా ఈ ఇంట్లో గంటసేపు ఉండలేం. గాలి అన్న మాటే లేదు. మొన్న చెప్పిందంతా ఉత్తదే."

"ఏం చెప్పారు మొన్న?" అంది పెద్దావిడ మెల్లగా.

"మెషీన్లు అక్కర్లేదన్నాను, కారు అక్కర్లేదన్నాను. అన్నీ అబద్ధాలే తల్లీ!"

ఆమె నేర్పిన పాఠం అక్కడితో అయిపోయింది. కానీ ఇన్‌స్పెక్టరు ఆగలేదు. ఆ తర్వాత వచ్చింది పాఠం కాదు.

"చేత్తో బట్టలుతికి నా నడుం పడిపోయింది. ఈ చొక్కా చూడండి, ఒకప్పుడు తెల్లది. మెట్లెక్కి ఎక్కి మోకాళ్లలో గుజ్జు అరిగిపోయింది, రాత్రి పక్క మీద తిరగలేకపోతున్నాను. ఉడకని బీన్స్ తిని కడుపు పాడైంది. ఇంట్లో చెబితే నవ్వుతారని నోరు మూసుకున్నాను. వాతావరణం ఎలా పోతే నాకేం? ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి లిఫ్టు ఎక్కి హాయిగా పైకి పోవాలనుంది!"

పరదా వెనక ఆమె చేతులు నలుపుకోవడం మానేసింది. ఇన్నాళ్లూ ఆయన పట్టుదలకి తామంతా బలైపోతున్నామనుకుంది గానీ, అందరికన్నా ముందు బలైంది ఆయనేనని అప్పటిదాకా తోచలేదు. నడుముకి కాపడం పెట్టమని ఒక్కనాడైనా అడగొచ్చు కదా ఈ మనిషి, అనుకుంది.

పెద్దావిడ లేచి నిలబడింది. ఏసీ గాలికి ఆవిడ మొహం తేటపడింది గానీ, మాట మాత్రం వేడిగానే వచ్చింది.

"మేం పర్యావరణ సంఘం నుంచి వచ్చాం. ఆదర్శ గృహానికి మీరు పేరిచ్చారు కదా, చూసిపోదామని."

ఇన్‌స్పెక్టరు గబుక్కున చెయ్యి చాచి టీవీ కట్టేశాడు. సరిగ్గా అప్పుడే వాషింగ్ మెషీన్ పని ముగించుకుని, కీ మని కూసి ఊరుకుంది.

అప్పుడు కనిపించారు వాళ్లు. తెరిచి ఉన్న గుమ్మంలో డాక్టరమ్మ, టేపుతో ఆవిడ భర్త, వాళ్లిద్దరి మధ్య కర్ర ఊతంతో అసలైన అత్తగారు. ఎప్పుడొచ్చారో గానీ అంతా విన్నట్టే ఉన్నారు.

"ఇదేనా నువ్వు చెప్పిన గాలి ఇల్లు?" అంది అత్తగారు కోడలితో. "ఆ బాబు మొహం చూడు, ఎలా పీక్కుపోయాడో! క్లినిక్ వెనకాల ఇల్లే నయం. పద."

డాక్టరమ్మ ఇన్‌స్పెక్టరు వంక ఒక చూపు చూసింది. మత్తు ఇవ్వకుండా పన్ను పీకేటప్పుడు చూసే చూపు అది. గబగబా మేడెక్కి ఇంటాయనకి వద్దని చెప్పి, దిగి వెళ్లిపోయింది. సంఘం వాళ్లు అంతకుముందే కదిలారు. చేతిసంచి పట్టుకున్నాయన పోతూ పోతూ ఓపికగా కారు దగ్గర ఆగి, తమ్ముడిని లేపి, ఇంజిను ఆపించి వెళ్లాడు.

ఇల్లు దక్కింది. ఆమె ఒక్కొక్క లైటూ ఆర్పుకుంటూ వచ్చి, నేలమీద చతికిలబడ్డ భర్త పక్కన కూర్చుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నడుం ఎక్కడ నొప్పి?" అంది. ఆయన చూపించాడు. మేడమీంచి ఇంటాయన దిగొచ్చాడు. పట్టరాని ఆనందాన్ని మొహం మీదికి రానివ్వకుండా, "వాళ్లకై వాళ్లే వద్దన్నారమ్మా," అని, అంతకుమించి ఏమీ అడగకుండా పైకి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మార్పులు ఆమె చెప్పినట్టు జరిగాయి. కారు తమ్ముడి దగ్గరే ఉండిపోయింది, అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిన రోజున మాత్రం వస్తుంది. గోడంత టీవీ, హీటరు మళ్లీ జిమ్‌కి పోయాయి. మెషీన్ తిరిగేది వారానికొక్కసారి, అదీ నిండుగా. చెక్కపెట్టెలో దుప్పట్లే ఉంటున్నాయి, బీన్స్ పొయ్యి మీదే ఉడుకుతున్నాయి. వానపాములు అత్తగారికి మాలిమి అయిపోయాయి, వాటి జోలికి ఎవరినీ రానివ్వదు. ఇన్‌స్పెక్టరు లిఫ్టులు ఎక్కుతున్నాడు. ఏసీని మళ్లీ మోయలేనని తమ్ముడు చేతులెత్తేయడంతో అది ఇంటి గోడకే ఉండిపోయింది గానీ, తలుపు తీస్తే వచ్చే గాలి ముందు దాని అవసరం నిజంగానే లేదు.

ఉన్నదల్లా ఒక్కటే చిక్కు: వాతావరణం గురించి ఏ చిన్న మాట అనుకోవాలన్నా, అది మేడెక్కకుండా ముందు తలుపూ కిటికీలూ బిగించుకోవాల్సి వస్తోంది, ఆ ఉక్కకి ఏసీ వెయ్యక తప్పడం లేదు.